డీబగ్గర్ ప్రోబ్ కొనబోతున్నారా? డ్వార్ఫ్ 5 సంగతి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి

బెంగళూరులో ఫర్మ్‌వేర్ పని చేసే మనవాళ్లెవరైనా కొత్తగా డీబగ్గర్ ప్రోబ్ (చిప్‌ని కంప్యూటర్‌కి కలిపి, నడుస్తున్న ప్రోగ్రాంని ఆపి తప్పులు వెతకడానికి వాడే పరికరం), దాని సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనే ఆలోచనలో ఉంటే ఇది చదవండి.

పీణ్యాలో ఉన్న మా చిన్న కంపెనీకి ఒక డీలర్ దగ్గర ఈ సెట్ తీసుకున్నాం. మేం వాడే కంపైలర్ (కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) జీసీసీతో పనిచేస్తుందా అని ముందే అడిగాం. "ఏ వెర్షనైనా పర్లేదు సార్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు, అదీ శుభ్రమైన తెలుగులో. బోర్డుకి తగిలిస్తే ప్రోగ్రాం చక్కగా లోడయింది, నడిచింది. బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఫలానా లైను దగ్గర ఆగాలని పెట్టే గుర్తు) పెడదామంటే సోర్సే తెరుచుకోలేదు. వేరియబుల్స్ విండో ఖాళీ. కింద ఒకటే లైను: డ్వార్ఫ్ వెర్షన్ 5కి సపోర్ట్ లేదు.

కోడ్‌లో ఏ లైను ఏ అడ్రస్‌కి వెళ్లింది, ఏ వేరియబుల్ ఎక్కడుంది అన్నది కంపైలర్ ఎల్ఫ్ ఫైల్లో (బిల్డ్ చేశాక వచ్చే ఫైల్) రాసిపెట్టే పద్ధతే డ్వార్ఫ్. ఆ సమాచారం చిప్‌లోకి ఎక్కదు. అందుకే ప్రోగ్రాం మామూలుగా నడుస్తుంది, డీబగ్గర్‌కే ఏమీ అర్థం కాదు. 2017లో వచ్చిన డ్వార్ఫ్ 5ని 2021లో జీసీసీ 11, 2022లో క్లాంగ్ 14 అనే మరో కంపైలర్ డిఫాల్ట్ చేశాయి. ఇందులో కంపైలర్ వాళ్లని తప్పుపట్టడానికేం లేదు. జీడీబీ అనే డీబగ్గర్ 8.0 నుంచి, వాల్‌గ్రైండ్ అనే తనిఖీ టూల్ 3.17 నుంచి దాన్ని చదవగలవని జీసీసీ రిలీజ్ నోట్స్‌లోనే చెప్పారు. ఇన్నేళ్లయినా డ్వార్ఫ్ 4 దగ్గరే ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌ని "ఏ వెర్షనైనా" అని అంటగట్టడం మాత్రం మోసమే.

డీలర్‌కి ఫోన్ చేస్తే పాత కంపైలర్ వేసుకోమన్నాడు. అప్‌డేట్ కావాలంటే ఏడాది సపోర్ట్ విడిగా కొనాలట!

ఇప్పటికే కొనేసినవాళ్లు కంపైలర్‌కి జీడ్వార్ఫ్-4 ఫ్లాగ్ (వెర్షన్ 4లోనే రాయమని చెప్పే ఆప్షన్) ఇచ్చి మొత్తం మళ్లీ బిల్డ్ చేస్తే చాలావరకు గట్టెక్కుతారు. కానీ సోర్స్ లేకుండా వచ్చే లైబ్రరీలు వెర్షన్ 5తో బిల్డయి ఉంటే ఆ ఫ్లాగ్ వాటినేం చేయలేదు. అలా వచ్చిన రేడియో స్టాక్ (వైర్‌లెస్ కమ్యూనికేషన్ చూసుకునే లైబ్రరీ) దగ్గర మాకు ఇప్పటికీ అదే టెన్షన్.

కొనబోయేవాళ్లు డీలర్ తెచ్చిన డెమో ప్రాజెక్ట్ చూసి ఒప్పుకోకండి. మాకు చూపించింది పాత కంపైలర్‌తో చేసినదే. మీ ఎల్ఫ్ ఫైలే ఇవ్వండి. ఎల్ఫ్ ఫైల్లో ఏముందో చూపే రీడెల్ఫ్ టూల్‌తో డీబగ్ ఇన్ఫో డంప్ చేస్తే ప్రతి కంపైలేషన్ యూనిట్ (మామూలుగా ఒక్కో సోర్స్ ఫైల్ భాగం) మొదట్లో వెర్షన్ నంబర్ కనిపిస్తుంది. అక్కడ 5 ఉన్న ఫైల్లోనే బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపి, ఒక లోకల్ వేరియబుల్ విలువ చూపించమనండి. ఆ తర్వాత "డ్వార్ఫ్ 5 చదువుతుంది" అని కొటేషన్‌లో రాయించుకోండి. మేం డబ్బు వెనక్కి అడిగితే వాళ్లు పట్టుకున్నది దాన్నే: "కొటేషన్‌లో జీసీసీ అని ఉంది సార్, డ్వార్ఫ్ 5 అని ఎక్కడుంది?"