దసరా సెలవుల్లో తాన్‌సేన్: మా యూత్ టీమ్ నేపాల్ ప్రయాణం

2019 దసరా సెలవుల్లో వెళ్ళాం. ఐదుగురు అమ్మాయిలం, ఆరుగురు అబ్బాయిలు. టీమ్ లీడర్ అన్నయ్యకు ముప్పై ఒకటి, అందరికన్నా చిన్నవాడు డిగ్రీ రెండో ఏడు. గుంటూరు పక్కన ఒక లూథరన్ సంఘం మాది. నేపాల్ పాల్పా జిల్లాలో, తాన్‌సేన్‌కి దగ్గర్లోని ఒక పల్లె బడిలో పది రోజులు పిల్లలకి ఇంగ్లీషు, లెక్కలు చెప్పి, గోడలకి రంగులేసి రావాలని అనుకున్నాం. జూన్ నుంచి ప్రతి ఆదివారం ఆరాధనయ్యాక కూర్చుని చార్టులు గీశాం, యాక్షన్ సాంగ్స్ నేర్చుకున్నాం, ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశాం. మనకి దసరా అయితే వాళ్ళకి దశైం అని మాత్రం పదకొండు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. నేపాల్‌లో అన్నిటికన్నా పెద్ద పండగ అది. బడికి తాళం.

ఈ ముక్క సరిహద్దు దాటాక వచ్చే నేపాల్ పట్నం భైరహవాలో దిగాక తెలిసింది. మమ్మల్ని పిలిచిన పాస్టర్ గారు (అక్కడ అందరూ ఆయన్ని దాజు అంటారు, అంటే అన్నయ్య) మేం దశైం క్యాంపులో సాయానికి వస్తున్నామనుకున్నారట. వాట్సాప్‌లో మా గుంటూరు హిందీ, ఆయన పహాడీ హిందీ కలిసి చేసిన నిర్వాకం.

అంతవరకూ ఎలా చేరామో ముందు చెప్తాను, ఆ దారిన వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. విజయవాడ నుంచి రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్. ఒకటిన్నర రోజు స్లీపర్ ప్రయాణం, ఫర్వాలేదు. పులిహోర మొదటి రోజుకే అయిపోయింది, ఆవకాయ జాడీని మాత్రం సరిహద్దు దాటేదాకా ఎవ్వర్నీ ముట్టుకోనివ్వలేదు. నాగపూర్‌లో బండి ఆగినప్పుడు అన్నయ్య ఒక కథ చెప్పాడు. 1950ల మొదట్లో ముస్సోరీ స్కూల్లో పాఠాలు చెప్పే రాబర్ట్ ఫ్లెమింగ్ అనే అమెరికన్ పక్షుల్ని సేకరించడానికి తాన్‌సేన్ వైపు వెళ్ళాడు. డాక్టరైన భార్య బెథెల్, ఇంకో డాక్టరు కూడా వెంట వెళ్ళి అక్కడి రోగుల్ని చూశారు. ఆసుపత్రి పెట్టమని ఊరివాళ్ళే అడిగారు. దాంతో 1954లో నాగపూర్‌లో సమావేశమై యునైటెడ్ మిషన్ టు నేపాల్ మొదలుపెట్టారు. తాన్‌సేన్ మిషన్ ఆసుపత్రికి మూలం అదే. పిట్టల కోసం వెళ్తే ఆసుపత్రి పుట్టిందని మేం నవ్వుకున్నాం. మా సంగతి కూడా అలాగే అడ్డం తిరగబోతోందని అప్పటికి తెలీదు.

గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫాం 1366 మీటర్లు. అప్పటికి ప్రపంచంలో అంత పొడుగుది ఇంకోటి లేదని గొప్పగా చెప్పారు. మేం దాన్ని రంగు డబ్బాలు, చార్టుల కట్టలతో ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాం కాబట్టి నాకు సందేహం లేదు. స్టేషన్ బయట ఒక ట్రావెల్స్ వాడు తాన్‌సేన్ దాకా నేరుగా టికెట్ అని డబ్బులు తీసుకున్నాడు. బస్సు సరిహద్దు ఊరు సునౌలీలో ఆగింది, డ్రైవరు దిగి వెళ్ళిపోయాడు. చేతిలో చీటీ మిగిలింది, డబ్బు పోయింది. ఎవరేం చెప్పినా సరిహద్దు దాకా మామూలు బస్సెక్కండి, మూడు గంటలు. అవతల టికెట్ అవతలే కొనుక్కోవాలి.

సరిహద్దు అంటే ఒక గేటు, రద్దీ బజారు, అంతే. మనకి వీసా అక్కర్లేదు కానీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. డబ్బు విషయంలో జాగ్రత్త. ఆ ఏడాది మొదట్లోనే అక్కడ మన 200, 500, 2000 నోట్లు చెల్లవని ఆపేశారు. అప్పుడు వంద నోట్లు తప్ప పనికిరాలేదు. వందకి నూట అరవై నేపాలీ రూపాయలు. సంఘం పెద్దలు ఇచ్చిన 500 కట్టల్ని వందలుగా మార్చడానికి గోరఖ్‌పూర్‌లో తల ప్రాణం తోకకొచ్చింది. గడియారం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకోవాలి. పావుగంటలో ఏముందిలే అనుకున్న మా తమ్ముడొకడు మర్నాడు జీపు అందుకోలేకపోయాడు.

భైరహవాలో ఒక రాత్రి లాడ్జిలో ఉన్నాం. రూము 1200 నేపాలీ రూపాయలు, దోమలు ఉచితం. పండగ కాబట్టి బస్సుల్లో మనుషులు, బస్సుల మీద మేకలు. సీట్లు దొరక్క రెండు జీపులు మాట్లాడుకున్నాం. బుట్వల్ దాటగానే మైదానం ఆగిపోయి కొండ గోడలా లేస్తుంది. అక్కడ సిద్ధబాబా దగ్గర కొండచరియలు విరిగి పడుతుంటాయి, డ్రైవరు దణ్ణం పెట్టుకుని వేగం పెంచాడు. మలుపులకి సగం జట్టు కిటికీల్లోంచి తలలు బయటపెట్టింది. ఎక్కేముందు ఏమీ తినకండి.

బస చర్చి మేడ మీద హాల్లో. గుంద్రి అనే గడ్డి చాప, దానిమీద రెండేసి రజాయిలు. తాన్‌సేన్ దాదాపు 1350 మీటర్ల ఎత్తున ఉంది. అక్టోబరులో పగలు హాయి, రాత్రి మా గుంటూరు ఎముకలకి మంచు. స్వెటర్లు ఇద్దరి దగ్గరే ఉన్నాయి, వంతులవారీగా వేసుకున్నాం. స్నానం బకెట్టు చన్నీళ్ళు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది. లాడ్జి కన్నా నూటికి నూరుపాళ్ళు నయం. అయితే పొద్దున్నే అర్థమైంది, ఆ రజాయిలు ఆ సంఘంలోని ఇళ్ళలోంచి తెచ్చినవి. మాకిచ్చి వాళ్ళేం కప్పుకున్నారో అడగడానికి నోరు రాలేదు. మా ఊరికి ఎప్పుడో తెల్ల అతిథులు వచ్చినప్పుడు మా నానమ్మ తన ఒక్కగానొక్క మంచి దుప్పటి ఇచ్చి తను చీర కొంగు కప్పుకుని పడుకుందని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కథలో నేను ఎప్పుడూ నానమ్మ వైపే ఉన్నాను. ఇప్పుడు దుప్పటి వైపు వచ్చిపడ్డాను.

మొదటి సాయంత్రమే దాజు కూర్చోబెట్టి చెప్పారు. కరపత్రాలు వద్దు, వీధిలో ప్రసంగాలు వద్దు, కూడికల ఫోటోలు ఫేస్‌బుక్‌లో వద్దు. 2015 రాజ్యాంగం మతం మార్పించడాన్ని నిషేధించింది, 2018 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. "మీరు వారానికి వెళ్ళిపోతారు. మేం ఇక్కడే ఉంటాం" అన్నారాయన. మా సంచుల్లో హిందీ కరపత్రాలు రెండు కట్టలున్నాయి. అవి అలాగే తిరిగొచ్చాయి. ఇలాంటివి బయల్దేరకముందే అడిగి తెలుసుకోవాల్సింది, టీమ్‌గా మా తప్పు.

మరి పదకొండు మంది ఏం చేయాలి? అక్కడి క్రైస్తవ కుటుంబాల పిల్లలు దశైంలో పెద్దల చేత టీకా (దీవెనగా నుదుట పెట్టే బియ్యం, కుంకుమ బొట్టు) పెట్టించుకోరు. చుట్టాలకి కోపాలు, ఇంట్లో ముభావం. పండగ రోజుల్లో వాళ్ళు ఒంటరిగా అయిపోకూడదని సంఘాలు ఈ సెలవుల్లో యువజన క్యాంపులు పెడతాయి. చుట్టుపక్కల కొండల నుంచి నూట ముప్పై మంది వచ్చారు. మాకు దొరికిన సేవ వంటశాల. రోజుకి రెండు పూటలు దాల్‌భాత్, పొద్దున పదికి, రాత్రి ఏడుకి. ఎన్ని ఆలుగడ్డలు చెక్కామో లెక్కలేదు. లెక్కలు చెప్పడానికి వెళ్ళినవాళ్ళం కదా, ఒకరోజు లెక్కపెట్టబోయి మానేశాం. వంట దిదీ తెలుగులో ఒకే మాట నేర్చుకుంది, "తొందరగా".

ఒక పూట మేమే వండుతామని చింతపండు పులిహోర చేశాం. మర్యాదగా తిన్నారు, పప్పు ఎప్పుడొస్తుందని ఎదురుచూశారు. ఆవకాయ మాత్రం జాడీ అడుగు గీకేదాకా పోయింది. అచార్ మీద వాళ్ళ ప్రేమ మనకేం తీసిపోదు. వాళ్ళ గుంద్రుక్, అంటే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర, దాని పులుసు తిన్నప్పుడు గోంగూర గుర్తొచ్చి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సగం తిమ్మూర్ అనే మిరియాల్లాంటి మసాలా ఘాటు వల్ల అనుకోండి.

చర్చికి ఇంకో మరుగుదొడ్డి కట్టడానికి కింద రోడ్డు మీంచి రాళ్ళు మోసే పని కూడా పెట్టుకున్నాం. డోకో అనే బుట్టని నుదుటికి పట్టీ తగిలించి మోయాలి. మా అబ్బాయిలు బుట్టలో మూడు రాళ్ళతో పదడుగులకొకసారి ఆగుతుంటే, పదో తరగతి పిల్ల ఒకతి ఏడెనిమిది వేసుకుని పాడుకుంటూ దాటిపోయింది. రెండో రోజుకి ఒకడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆ పిల్లే జీవన్ జల్ (అక్కడి ఓఆర్ఎస్) పొట్లం కలిపి గంటగంటకీ తాగించింది. వాడికి సేవ చేయడానికే ఒక మనిషి పని ఆగింది. నిజం చెప్పాలంటే రాళ్ళ లెక్కలో మేం వాళ్ళకి నష్టమే.

పిల్లలు అసలు దొరకలేదా అంటే, దొరికారు. ఊరి చివర నాలుగు పొడవాటి వెదుళ్ళు వంచి కట్టిన ఊయల ఉంది, పింగ్ అంటారు. దశైంకి ఊరూరా వేస్తారు. వంట అయ్యాక మధ్యాహ్నాలు మేం అక్కడికి వెళ్ళేవాళ్ళం. వంతు కోసం నిలబడ్డ పిల్లలు ఇంగ్లీషులో ఒకటి నుంచి వంద దాకా ఊపులు లెక్కపెట్టారు. చార్టులు విప్పలేదు. నేను ఎక్కాను కూడా. కింద లోయ ఒక్కసారి కాళ్ళ కిందికి వచ్చేస్తుంది, ఆ తర్వాత రెండు రోజులు నా గొంతు లేదు.

ఆరాధన శనివారం. నేపాల్‌లో వారాంతపు సెలవు అదే. చెప్పులు బయట వదిలి, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క నేలమీద కూర్చుంటారు. మా పల్లె చర్చిల్లాగే. మద్దెల బదులు మాదల్. "జయ్ మసీహ్" అని రెండు చేతులూ జోడిస్తారు. మమ్మల్ని పాడమంటే తెలుగులో ఒక పాట పాడాం. అర్థం కాకపోయినా మూడో చరణానికి మాదల్ మా తాళం పట్టేసుకుంది. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన గంట అది.

తాన్‌సేన్‌లో చూడాల్సినవి రెండు మాటల్లో. పొద్దున్నే శ్రీనగర్ కొండెక్కితే ఉత్తరాన మంచు కొండలు బారులు తీరి కనిపిస్తాయి. బజార్లో పాల్పా ఢాకా నేత బట్ట కొనండి. టోపీ కన్నా శాలువా మనకి ఎక్కువ పనికొస్తుంది. కాళీగండకి ఒడ్డున 1893లో కట్టిన రాణీమహల్ ఉందన్నారు, మాకు తీరలేదు.

అక్కడి నుంచి పోఖరా. రామ్‌దీ దగ్గర గండకి దాటాం. మిషన్ ట్రిప్‌కి వెళ్తున్నానని చెప్తే మా పక్కింటి మామ్మగారు "గండకి దగ్గరకేగా, నాకో సాలగ్రామం తెచ్చిపెట్టు తల్లీ" అన్నారు. రాయి దొరకలేదు, సీసాలో నీళ్ళు తెచ్చిచ్చాను. పూజగదిలో పెట్టుకున్నారు. పోఖరాకి 1952లో మొదటి మిషన్ బృందం, డాక్టర్ లిలీ ఓహాన్లన్, హిల్డా స్టీల్, వాళ్ళతో డార్జిలింగ్ వైపు నేపాలీ క్రైస్తవులు, మేం దాటిన సునౌలీ పక్కనున్న నౌతన్వాలోనే ఏళ్ళ తరబడి కాచుకుని, అనుమతి దొరికాక నడిచే వెళ్ళారు. వాళ్ళు పెట్టిన రేకుల ఆసుపత్రి ఎండలో మెరిసేదని జనం దాన్ని మెరిసే ఆసుపత్రి అన్నారు. మేం జీపులో కూర్చుని నడుం నొప్పి అన్నాం.

లేక్‌సైడ్‌లో రెండో సందులో గది 1500, ముగ్గురం సర్దుకున్నాం. వేణ్ణీళ్ళు, వైఫై, కిటికీలోంచి మచ్ఛాపుచ్ఛ్రే శిఖరం. గొడవ కూడా ఇక్కడే. పారాగ్లైడింగ్ అప్పట్లో ఎనిమిది వేల పైమాట, కొందరు టీమ్ డబ్బులోంచి తీద్దామన్నారు. అది కూలికెళ్ళే వాళ్ళు వేసిన చందా అని నేను గట్టిగానే అన్నాను. రాత్రి పదకొండు దాకా వాదించుకుని చివరికి పోఖరా ఖర్చు ఎవరిది వాళ్ళే పెట్టుకున్నాం. ఈ లెక్క బయల్దేరకముందే కాగితం మీద రాసుకోండి. మిగిలిన డబ్బు రజాయిల కోసం దాజుకి పంపాం. ఆయన ఇటుకలు కొన్నారు.

తిరిగొచ్చాక సంఘంలో రిపోర్టు చెప్పమన్నారు. ఎంతమంది రక్షణ పొందారని, అంటే క్రీస్తుని నమ్ముకున్నారని, ఒక పెద్దాయన అడిగారు. అన్నయ్య కాసేపు ఆగి, "ఆలుగడ్డలు చెక్కామండీ" అన్నాడు. కొందరు నవ్వారు, ఆయన నవ్వలేదు.

దాజు మళ్ళీ రమ్మన్నారు. తిహార్ (మన దీపావళి) పండగ కూడా అయ్యాక, నవంబరులో బడి తెరుస్తారట, అప్పుడైతే టీచర్లకి నిజంగా సాయం కావాలట. నేను క్యాలెండరు తీసి చూశాను. మా పదకొండు మందిలో నవంబరులో సెలవు దొరికేది ఇద్దరికే.