వసంతకాలపు టర్కీ వేటలో సెడార్ బాక్స్ కాల్: రెండు సీజన్ల అనుభవం

అమెరికాలో వసంతకాలపు టర్కీ కోళ్ల వేటకు నేను రెండు సీజన్లుగా వాడుతున్న సెడార్ చెక్క బాక్స్ కాల్ (పెట్టకోడి కూతను అనుకరించి పుంజును రప్పించే చిన్న చెక్కపెట్టె) మీద ఈ సమీక్ష. సుద్ద రాసిన మూతను గట్టిగా నొక్కకుండా, దాని బరువుతోనే పెట్టె అంచు మీద జరగనిస్తే పెట్టకోడి గొంతును పోలిన కూత వస్తుంది. గాలి వీచే రోజున కూడా దూరానున్న పుంజుకు వినిపించేంత బిగ్గరగా పలకడం దీని ప్రధాన బలం.

అయితే పుంజు బదులు పలికింది కదా అని ఆపకుండా పిలిస్తే పని చెడుతుంది. సహజంగా పుంజు కూస్తే పెట్టకోడే దాని దగ్గరకు వెళ్తుంది కనుక, మనం పిలిచేకొద్దీ పుంజు ఉన్నచోటనే పురివిప్పి నిలబడిపోతుంది. మొదటి ఏడాది ఒక ఉదయమంతా అలాగే పోగొట్టుకున్నాను. మరుసటి ఏడాది నాలుగు కూతలు కూసి, 20 నిమిషాలు మౌనంగా కూర్చున్నాక, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వెంటనే పొదల నడుమ ఎర్రని తల కనిపించింది.

తేమ తగిలితే పెట్టె మూగబోతుంది కాబట్టి దాన్ని ప్లాస్టిక్ సంచిలో దాచుకోవాలి. అంతకంటే పెద్ద లోపం, దీనికి రెండు చేతులూ కదపాలి. టర్కీ చూపు చాలా చురుకైనది కనుక, పక్షి దగ్గరపడ్డాక నోటిలో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్‌కు మారడమే మేలు.