అరకులో మన డబ్బులు ఎవరికి చేరుతున్నాయో చూసుకోండి

అరకులో రూమ్ బుక్ చేసేముందు అది ఎవరిదో అడగండి. వైజాగ్ నుంచి రైలు, బొర్రా గుహలు, కాఫీ తోటలు అన్నీ హాయిగా జరిగిపోయాయి. నా బాధంతా రిసార్ట్ గురించే.

రాత్రికి 4,800. గీజర్ పనిచేయదు, దుప్పట్లు చెమ్మ, సరేలే అనుకున్నాం. సాయంత్రం క్యాంప్‌ఫైర్, గిరిజనుల థింసా నృత్యానికి విడిగా 3,000 అంటే అత్తయ్య చూడాలన్నారని కట్టాం. పదిహేను మంది ఆడవాళ్లు ఆ చలిలో చేతులు కలిపి ఆడుతుంటే ఓ తాగిన బ్యాచ్ మధ్యలో దూరి సెల్ఫీలు, మళ్లీ ఆడండి అని అరుపులు, మేనేజర్ నవ్వుతూ నిలబడ్డాడు గానీ ఒక్క మాట అనలేదు. అయ్యాక అత్తయ్య వాళ్ల పక్కన కూర్చుని ఎంతిస్తారమ్మా అంటే మనిషికి వంద అన్నారు. ఆ రాత్రి ఇంకో రెండు బ్యాచ్‌లు కూడా 3,000 చొప్పున కట్టాయి, ఆట మాత్రం ఒక్కటే! అంటే 9,000 వసూలు చేసి వాళ్లకిచ్చింది 1,500. అత్తయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి వెళ్లకూడదని 1/70 చట్టం ఉంది, 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులు చెల్లవని గట్టి తీర్పిచ్చింది. మరి ఈ స్థలం ఎవరిదండీ అంటే మేనేజర్ మాట మార్చేశాడు.

పొద్దున్నే ఖాళీ చేసి వంజంగి వైపు ఒక గిరిజన కుటుంబం ఇంట్లో దిగాం. మనిషికి 600, రెండు పూటలా భోజనంతో. బాత్రూమ్ బయట, మా ఆయన కాసేపు గొణిగారు, వేడి చోడి (రాగి) అంబలి, రాజ్మా కూర, బొంగులో చికెన్ తిన్నాక ఇంకో రోజు ఉందామన్నది ఆయనే. ఇంటావిడ చెప్పింది, చలికాలంలో వచ్చే ఈ డబ్బుతోనే కూతురి డిగ్రీ ఫీజు కడుతున్నారట, కూలికి హైదరాబాద్ వెళ్లిన కొడుకు వెనక్కొచ్చి ఇప్పుడు టెంట్లు అద్దెకిస్తున్నాడు. మేమిచ్చిన ప్రతి రూపాయీ ఆ ఇంట్లోనే ఉండిపోయింది, టూరిజం వల్ల గిరిజనులకి మేలంటే ఇదీ.

కటికి జలపాతానికి జీపులు నడిపేది చుట్టుపక్కల కుర్రాళ్లే, వాళ్ల దగ్గర యాభై వందకి బేరాలొద్దు. పసుపు, రాజ్మా, అడ్డాకులు సంతలో అమ్మేవాళ్ల దగ్గరే కొనండి, కాఫీ పొడి జీసీసీ (గిరిజన సహకార సంస్థ) షాపులో తీసుకోండి. వంజంగిలో మేఘాలు చూడ్డానికి కొండెక్కేవాళ్లు నీళ్ల సీసాలు అక్కడ పారేయొద్దు, ఏరేది ఆ ఊరి పిల్లలే. కొండ మీద సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్‌పే నమ్ముకోకుండా చిల్లర క్యాష్ పట్టుకెళ్లండి.