విజయనగరంలో జిరాక్సు షాపు: కొత్తగా చేరిన టీచర్లు ముందు ఇక్కడికి వెళ్లండి

జిరాక్సు షాపుకి కూడా రివ్యూ ఏంటని నవ్వకండి. నేను 2025 అక్టోబరులో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా చేరాను, చేరే ముందూ తర్వాతా కలిపి రెండు నెలల్లో మా ఇంటి మెట్ల తర్వాత ఎక్కువసార్లు ఎక్కినవి ఈ షాపు మెట్లే. గంటస్తంభం నుంచి కోట వైపు నడుస్తుంటే పక్క సందులో ఉంటుంది. బోర్డు ఎండకి వెలిసిపోయింది కాబట్టి పేరు రాయట్లేదు, బయట అద్దాల పెట్టెలో రబ్బరు స్టాంపులు వరసగా పేర్చి ఉంటాయి, అదే గుర్తు.

నియామక పత్రాలు సెప్టెంబరు 25న వెలగపూడిలో ఇచ్చారు కదా, ఆ బస్సు ప్రయాణం బడలిక తీరకముందే ఫైలు పట్టుకుని వెళ్లి "ఒక సెట్టు తియ్యండి" అన్నాను. ఓనరు పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. పత్రం చూసి, నన్ను చూసి, "ఒక సెట్టేటి బాబూ? ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకొకటి, ట్రెజరీకొకటి, బ్యాంకుకొకటి, ఎవుడు ఎప్పుడడుగుతాడో తెలీదు, అయిదు తీయించీ" అన్నారు. పేజీకి రెండు రూపాయలు, గిరాకీ కోసం అంటున్నాడులే అనుకున్నాను. సిరిమాను పండగ వెళ్లిన మరుసటి వారం బడిలో చేరాను, దీపావళి వచ్చేసరికి అయిదు సెట్లూ అయిపోయాయి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నావా అని అడిగింది కూడా ఈయనే. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు.

నిజానికి ఈ షాపుతో పరిచయం 2024 ఫిబ్రవరిది. అప్పటి ప్రభుత్వం 6,100 టీచరు పోస్టులకు డీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఇక్కడే అప్లై చేశాను. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం మెగా డీఎస్సీ మీద పెట్టారు, పాత నోటిఫికేషన్ రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఇదే కుర్చీ. 2018 డీఎస్సీ తర్వాత ప్రైవేటు స్కూల్లో చాకిరీ చేస్తూ ఇన్నేళ్లు చదివినవాడికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పెద్దాయన మాత్రం "ఫొటో కొత్తది పెడదాం బాబూ, పాతదాన్లో జుట్టెక్కువుంది" అన్నారు. ఏడాదిలో ఎంత ఊడిందో లెక్క ఆయన దగ్గరే ఉంది.

అసలు ఈయన పనితనం తెలిసింది జాయినింగ్ కాగితాల దగ్గర. నా పోస్టింగు మక్కువ మండలం. డీఎస్సీ ఉమ్మడి జిల్లా లెక్కన జరిగింది కాబట్టి నేను సెలెక్టయింది విజయనగరం జిల్లాలో, పనిచేసేది 2022 ఏప్రిల్లో పుట్టిన పార్వతీపురం మన్యం జిల్లాలో. ప్రతి ఫారంలోనూ "జిల్లా" అని ఒకే ఒక్క గడి. ఏది రాయాలి? తెలిసిన ఇద్దరు మేస్టార్లని అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. ఈయన ఆలోచించకుండా, ఎంపికైనచోట ఉమ్మడి విజయనగరం, పనిచేసేచోట మన్యం అని విడివిడిగా టైపు చేసి ఇచ్చారు, ఒక్క కాగితం కూడా వెనక్కి రాలేదు. సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టే పెన్షన్) ఫారం కూడా కట్ట తీసి చేతిలో పెట్టారు. "గవర్నమెంట్లు మారతాయి గానీ బాబూ, ఈ ఫారాలకి గిరాకీ తగ్గదు" అన్నారు. 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లందరికీ అదే కదా మరి.

చేరిన రెండో వారమే మా హెచ్చెమ్ గారు "ఎలాగూ శనివారం ఇంటికెళ్తావు కదయ్యా, స్టాంపు చేయించుకురా" అన్నారు. పాత స్టాంపు మీద ఇంకా విజయనగరం జిల్లా అనే ఉంది. బడుల విభజన మార్చిన పాత జీవో 117 పోయాక మాది మోడల్ ప్రైమరీ స్కూల్ అయింది, అదీ అందులో లేదు. బడి పేరొకటి, జిల్లా ఇంకొకటి, స్టాంపు మూడోది. 250 రూపాయలు తీసుకున్నారు. మొదటిసారి "మక్కువ" బదులు "మక్కవ" అని వచ్చింది. మళ్లీ చేసిచ్చారు, డబ్బులు అడగలేదు, కానీ నాకు ఇంకో వారం పట్టింది, హెచ్చెమ్ గారి మొహం నేనే చూడాల్సొచ్చింది.

షాపు వెనకవైపు ఛార్టులుంటాయి, తప్పకుండా చూడండి. 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్ పది రూపాయలు, 26 జిల్లాలది నలభై. 2025 డిసెంబరు ఆఖరుకి 28 అయ్యాయి, ఆ ఛార్టు నేను వెళ్లినప్పటికి రాలేదు. నేను పదిరూపాయలదే కొని నాలుగో తరగతి పిల్లల చేత స్కెచ్ పెన్నుతో కొత్త గీతలు గీయించాను. మన్యం ఎక్కడుందో వాళ్లకి నాకన్నా బాగా తెలుసు. పథకాల ఛార్టుల మీద పాత పేర్లకి తెల్ల స్టిక్కర్లు అంటించి పెట్టారు. గోరుముద్ద స్టిక్కర్ కిందుంది, పైన డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ఒక మూల ఊడిపోయి పాతదీ కొత్తదీ కలిసి కనపడుతున్నాయి. ఆ ఛార్టు మాత్రం కొనకండి.

ఇబ్బందులూ చెప్తాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా మూసేస్తారు. బిల్లు అడిగితే ఏదో తప్పు చేసినట్టు చూస్తారు, స్కూలు గ్రాంటులో స్టాంపు ఖర్చు చూపించాలి కాబట్టి మూడుసార్లు అడిగి తీసుకున్నాను. కూర్చునే చోటు ఒకటే స్టూలు, దాని మీద ఎప్పుడూ ఎవరిదో హెల్మెట్ ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటోలు ఇక్కడ దిగొద్దు, నా ఐడీ కార్డు చూసి మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది.

అయిదుకి నాలుగిస్తాను. ఆదివారం తెరవరు. రెండో శనివారం ఉంటారు, పొద్దున్నే తొమ్మిదిలోపు వెళ్లండి, తర్వాత మన మేస్టార్లే క్యూలో ఉంటారు.