ఎఫెసస్ దాకా వెళ్లి సెల్చుక్ మ్యూజియం వదిలేయొద్దు

టర్కీలో ఎఫెసస్ అనే పాత గ్రీకు-రోమన్ నగరం శిథిలాలకు వచ్చే టూర్ బస్సులు చాలావరకు కుషదాసి రేవు నుంచి వస్తాయి. జనాన్ని గబగబా తిప్పి, తిరుగుదారిలో తోలు జాకెట్ల షాపు ముందు దింపుతాయి. అక్కడికి మూడు కిలోమీటర్లలో, సెల్చుక్ ఊళ్లో ఉన్న మ్యూజియానికి మాత్రం టైమ్ ఉండదు. అందుకే మేం సెల్చుక్‌లోనే దిగాం.

ఓ కుటుంబం నడిపే చిన్న లాడ్జిలో గది తీసుకున్నాం. మెట్లు నిటారుగా ఉన్నాయి, వేడినీళ్లు సన్నగా వస్తాయి. కానీ పొద్దున్నే ఆలివ్‌లు, జున్ను, టమాటాలు, తేనెతో టిఫిన్ కడుపునిండా పెట్టారు. స్టేషన్ పక్కనున్న పాత నీటికాలువ స్తంభాల మీద కొంగల గూళ్లు డాబా మీంచే కనిపిస్తాయి.

శిథిలాలకు పై గేటు నుంచి వెళ్తే దారంతా దిగుడే, కాళ్లకు సుఖం. నీడ మాత్రం దాదాపు లేదు, పాలరాయి ఎండను మొహం మీదికే కొడుతుంది. 1970లలో ముక్కలు ఏరి మళ్లీ నిలబెట్టిన సెల్సస్ లైబ్రరీ ముఖభాగం దగ్గర ఫోటోల తోపులాట. కొండవాలు ఇళ్లకు విడిగా టికెట్ కొనాలి. మొజాయిక్ నేలలు, రంగులు వేసిన గోడలు చూశాక ఆ డబ్బుకు బాధపడలేదు. ఆ ఇళ్లలో దొరికిన వస్తువులు మాత్రం మ్యూజియంలో ఉన్నాయి.

మ్యూజియం చిన్నదే, గంటన్నర చాలు. అసలు సంగతి ఎఫెసస్ జనం కొలిచిన గ్రీకు దేవత అర్తెమిదేవి విగ్రహాలు. 1956లో తవ్వకాల్లో బయటపడ్డాయి. పెద్దది దాదాపు మూడు మీటర్లు. రొమ్ము మీద వరసలుగా వేలాడే గుండ్రని కాయల్లాంటివి ఏమిటో పండితులకే ఏకాభిప్రాయం లేదు: స్తనాలంటారు, గుడ్లంటారు, ఎద్దు వృషణాలంటారు. రెండో విగ్రహం చేతుల మీద చిన్న సింహాలు, పక్కన అంచులో తేనెటీగలు. దగ్గరికెళ్లి చూస్తే గానీ కనపడవు. తేనెటీగ ఎఫెసస్ నాణేల మీది గుర్తు కూడా. మా అత్తయ్య బైబిల్ చదివే మనిషి. 'దేమేత్రియ అనే కంసాలి చేయించి అమ్మిన వెండి గుళ్లు ఈమెవే కదా!' అని ఆ గదిలోంచి ఒక పట్టాన రాలేదు.

డాల్ఫిన్ మీద కూర్చున్న ఎరోస్ (గ్రీకుల ప్రేమదేవుడు) కంచు బొమ్మ చిన్నది, తొందరపడితే దాటిపోతారు. ఇక్కడి గ్లాడియేటర్ల శ్మశానంలో దొరికిన ఎముకలను వియన్నా శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, వాళ్ల తిండి ఎక్కువగా బార్లీ, చిక్కుళ్లు అని తేలిందట! ఫిర్యాదు ఒకటే: వివరాల బోర్డులు మరీ పొట్టి. ఇక్కడ దొరికిన మంచి శిల్పాల్లో కొన్ని లండన్, వియన్నాల్లో ఉన్నాయి, అదో వెలితి.

ప్రపంచ వింతల్లో ఒకటైన అర్తెమిదేవి గుడి చోట ఇప్పుడు ఒకే స్తంభం నిలబడి ఉంది. పది నిమిషాల పని, దారిలోనే కాబట్టి చూడొచ్చు. దగ్గర్లోని షిరించె గ్రామం మాత్రం సావనీర్ కొట్లమయం. టైమ్ తక్కువైతే దాన్ని వదిలేసి, మధ్యాహ్నం ఎండ పూట మ్యూజియం పెట్టుకోండి.