బయోచార్ బస్తా: చెలకకు సరే, రేగడికి దండగ

పోయిన ఎండాకాలం మా బోరు ఆగి ఆగి పోస్తుంటే, బత్తాయి చెట్లు ఎండిపోతాయేమోనన్న టెన్షన్‌తో పది బస్తాల బయోచార్, అంటే గాలి తక్కువగా ఆడనిచ్చి కట్టెను కాల్చి చేసే బొగ్గు, కొన్నాను. 25 కిలోల బస్తా, రవాణాతో కలిపి కిలోకు 30 రూపాయలు పడింది. అమ్మినాయన చెప్పిందీ, బస్తా మీద రాసిందీ ఒకటే: ఏ నేలైనా నీళ్లు సగం ఆదా. ఏడాది వాడాను, ఆ మాట అన్ని నేలలకూ చెల్లదు.

మాది నల్గొండ పక్కన. తోట ఎర్రచెలక, పత్తి వేసేది నల్లరేగడి. ముందుగా రెండు వాటర్ బాటిళ్ల అడుగు కోసి, మూతి దగ్గర గుడ్డ కట్టి, తలకిందులుగా వేలాడదీసి, ఒకదాంట్లో ఒట్టి చెలక మట్టి, ఇంకోదాంట్లో పది పిడికిళ్ల మట్టికి ఒక పిడికెడు నానబెట్టిన బొగ్గు కలిపి నింపాను. రెండింట్లో రెండేసి గ్లాసుల నీళ్లు పోస్తే ఒట్టి మట్టిలోంచి ధార కట్టి కారిపోయాయి, బొగ్గు కలిపిన దాంట్లోంచి చుక్కలు చుక్కలుగా, తక్కువ వచ్చాయి. మూడో రోజు వేలు పెట్టి చూస్తే దాంట్లో మట్టి ఇంకా చల్లగా ఉంది. రేగడి మట్టితో ఇదే చేస్తే రెండు బాటిళ్లకూ తేడా కనిపించలేదు.

ఎందుకంటే చెలకలో ఇసుక పాలు ఎక్కువ, రేణువుల మధ్య సందులు పెద్దవి, నీళ్లు నిలవవు. బొగ్గు నిండా కంటికి కనపడని రంధ్రాలు, వాటిలో నీరు ఆగుతుంది. రేగడిలో బంకమన్ను ముందే నీళ్లు గట్టిగా పట్టుకుంటుంది, అసలు అందులో కొంత నీటిని వేరు కూడా లాగలేదు. అక్కడ బొగ్గు వేస్తే మట్టి కొంచెం గుల్లబారుతుందేమో గానీ నీళ్ల నిల్వ కోసమైతే డబ్బు పెట్టొద్దు. నేను రెండు బస్తాలు పత్తి సాళ్లలో వేశాను, పక్క సాళ్లకూ వాటికీ ఏ తేడా లేదు.

బస్తా మీద రాయని ముఖ్యమైన విషయం ఇంకోటుంది. పొడి బొగ్గును అలాగే పాదుల్లో వేస్తే నీళ్లు పెట్టగానే తేలి గట్టుకు కొట్టుకుపోయింది. కొత్త బొగ్గు మొదట్లో నీటిని దగ్గరికి రానివ్వదు, పైగా నేలలో ఉన్న నత్రజనిని తానే పట్టేసుకుంటుంది. మిగతా బస్తాలను డ్రమ్ముల్లో జీవామృతంలో (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రవ ఎరువు) పదిహేను రోజులు నానబెట్టి, పెంట ఎరువులో కలిపి, చెట్టుకు ఐదు కిలోల లెక్కన పాదులో జానెడు లోతున వేశాను. దాదాపు నలభై చెట్లకు సరిపోయింది. అంతకుముందు నీళ్లు పెట్టిన మూడో రోజుకే ఆకు ముడుచుకునేది, ఇప్పుడు ఐదో రోజు దాకా ఆగుతున్నాయి.

పొలమంతా చల్లుదామనుకునేవాళ్లు ఒక్కసారి లెక్క వేసుకోండి. పరిశోధనల్లో హెక్టారుకు 10 నుంచి 20 టన్నులు వేసి చూస్తుంటారు. పది టన్నులే అనుకున్నా ఎకరాకు నాలుగు టన్నులు, నేను కొన్న ధరకు లక్షా ఇరవై వేలు. ఏ వేరుశెనగ పంటా ఆ ఖర్చు మోయదు. కాబట్టి పాదుల్లో, కూరగాయల మడుల్లో, నర్సరీ కవర్లలో వాడుకోవచ్చు, అంతవరకే. ఇంకోటి, బయోచార్‌కు ఎక్కువగా క్షార గుణం ఉంటుంది. మీ నేల పీహెచ్ ముందే ఎక్కువుంటే బత్తాయికి ఇనుము, జింకు అందక ఆకు పసుపు రంగుకు మారుతుంది, భూసార పరీక్ష చేయించుకున్నాకే వేయండి.

నేనైతే మళ్లీ బస్తాలు కొనను. సరుకు మంచిదే, కాకపోతే ప్రతి ఏడూ పత్తి ఏరడం అయిపోయాక కట్టెనంతా చేన్లోనే తగలబెట్టి బూడిద చేస్తున్నాం, ఆ కట్టెతోనే ఇది చేసుకోవచ్చు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రిడా (CRIDA, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పత్తికట్టె, కందికట్టెతో బయోచార్ చేయడానికి డ్రమ్ము బట్టీ తయారుచేశారు, గాలి తక్కువగా ఆడనిచ్చి కాల్చడమే అందులో పని. ఈసారి కట్టె తగలబెట్టకుండా కుప్ప వేసి పెట్టాను.