జెడ్ మేలా, టీ మేలా? తొమ్మిది బియ్యం బస్తాల లెక్క

25 కిలోలని రాసున్న బియ్యం బస్తాలు ఒక లోడు దిగాయనుకుందాం. అన్నీ తూచే ఓపిక ఎవరికీ లేదు. చీటీలు తీసి ఓ తొమ్మిదింటిని కాటా మీద పెట్టాం. సగటు 24.8 కిలోలు, ప్రామాణిక విచలనం (బరువులు సగటుకు ఎంత అటూ ఇటూగా ఉన్నాయో చెప్పే కొలత) 0.3. మిల్లువాడు తూకంలో కొట్టాడా? ఈ తొమ్మిదింటిని బట్టి మొత్తం లోడు సగటు ఏ హద్దుల మధ్య ఉంటుందో అంచనా కట్టడానికి గణాంకశాస్త్రంలో జెడ్, టీ అని రెండు పద్ధతులున్నాయి. 25 ఆ హద్దుల బయట పడితే అనుమానించొచ్చు.

0.3ని తొమ్మిదికి వర్గమూలమైన 3తో భాగిస్తే 0.1. ఇక్కడిదాకా రెండు పద్ధతులూ ఒకటే. పేచీ అంతా ఈ 0.1ని ఎంతతో హెచ్చించి సగటుకు అటూ ఇటూ వేసుకోవాలన్న దగ్గరే.

జెడ్ అయితే 95 శాతానికి, అంటే ఇలా వేసే హద్దులు నూటికి 95 సార్లు అసలు సగటును పట్టుకోవాలంటే, 1.96. అప్పుడు లోడు సగటు 24.604 నుంచి 24.996 దాకా. నాలుగు గ్రాముల తేడాతో 25 బయటపడింది, గొడవకు వెళ్లొచ్చు. టీ అయితే తొమ్మిదిలో ఒకటి తగ్గించి 8 దగ్గర పట్టిక చూడాలి: 2.306. ఇప్పుడు 24.569 నుంచి 25.031 దాకా. 25 లోపలే ఉంది. అవే బస్తాలు, అదే కాటా, కేసు మాత్రం వీగిపోయింది!

ఇక్కడ నా ఓటు టీకే. 1.96 వాడాలంటే మొత్తం లోడు విచలనం ముందే తెలిసుండాలి. మన 0.3 ఆ తొమ్మిది బస్తాలు చెప్పిన మాట. ఇంకో తొమ్మిది తీస్తే ఇంకోటి చెప్తాయి. జెడ్ ఆ ఊగిసలాటను పట్టించుకోదు. అందుకే 95 శాతమని చెప్పుకున్నా, తొమ్మిది బస్తాలకు దాని గురి కుదిరేది సుమారు 91 శాతం సార్లే. ఐదు బస్తాలకైతే 88.

ఈ చిక్కు విప్పింది డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం సీలీ గాసెట్. 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో వ్యాసం వేశాడు. బీరు కంపెనీలో పుట్టినదానికి టీ అని పేరు పడటం తమాషా.

‘నమూనా 30 దాటితే జెడ్’ అని బట్టీ పట్టినవాళ్లం చాలామందిమి. 30 బస్తాలకి టీ విలువ 2.045, వంద బస్తాలకి 1.984. తేడా తక్కువే, కానీ కంప్యూటరే లెక్క కట్టేటప్పుడు జెడ్‌తో కలిసొచ్చేదేముంది? ఎక్సెల్‌లో కాన్ఫిడెన్స్.నార్మ్, కాన్ఫిడెన్స్.టి అని రెండుంటాయి. అలవాటులో మొదటిది నొక్కేయకండి. ఏళ్ల తరబడి రికార్డులున్న ప్యాకింగ్ మిషన్ విచలనం లాంటిది చేతిలో ఉంటే జెడ్‌కి అభ్యంతరం లేదు.

ఆదాయాల్లా ఒకవైపు బాగా సాగిపోయే అంకెలైతే, 1979లో గణాంకవేత్త ఎఫ్రాన్ చెప్పిన బూట్‌స్ట్రాప్ (ఉన్న అంకెల్లోంచే మళ్లీ మళ్లీ చీటీలు తీసి లెక్కకట్టే పద్ధతి) కూడా చూడొచ్చు. తొమ్మిదింటితో మాత్రం వద్దు, హద్దులు మరీ ఇరుకుగా వస్తాయి.

అసలు మొదటే 25 బస్తాలు తూచి, ఇదే సగటు, ఇదే విచలనం వచ్చుంటే? 0.3ని 5తో భాగిస్తే 0.06, దాన్ని 25 బస్తాల టీ విలువ 2.064తో హెచ్చిస్తే 0.124. పై హద్దు 24.924. అప్పుడు టీ కూడా మిల్లువాడిని కాపాడేది కాదు.